దేవతల బిడ్డలు, వ్యాసుడి పనితనం

మహాభారతం ఆదిపర్వంలో చాలామంది పేజీలు తిప్పేసి దాటిపోయే జాబితా ఒకటుంది. సర్పయాగం దగ్గర కూర్చుని తన పెద్దల కథ వింటున్న జనమేజయుడు, భూమి మీద ఏ దేవత ఎవరిగా పుట్టాడో, ఏ దానవుడు ఎవరిగా వచ్చాడో మొదటినుంచీ చెప్పమని వైశంపాయనుణ్ణి అడుగుతాడు. ఆయన వరసపెట్టి చెబుతాడు. బృహస్పతి అంశతో ద్రోణుడు, రుద్రగణాల అంశతో కృపుడు, అగ్ని అంశతో ధృష్టద్యుమ్నుడు పుట్టారు. మరుద్గణాల నుంచి సాత్యకి, ద్రుపదుడు, కృతవర్మ, విరాటుడు వచ్చారు. కలి దుర్యోధనుడయ్యాడు, ద్వాపరం శకుని అయింది. శివుడు, యముడు, కాముడు, క్రోధుడు ఈ నలుగురి అంశలూ ఒక్క దేహంలో కలిస్తే అశ్వత్థామ పుట్టాడు. 8 మంది వసువుల్లో ఒకడు భీష్ముడు. ఇలా సాగుతుంది పట్టిక. కథ మీద ఆత్రంతో ఉన్నవాళ్లకు ఇది అడ్డంగా తోస్తుంది. నాకు మాత్రం భారతం మొత్తంలో వ్యాసుడి చేతిపని అన్నిటికంటే స్పష్టంగా కనిపించే చోటు ఇదే.

పోచంపల్లి ఇక్కత్ నేతలో బొమ్మను మగ్గం మీద వేయరు. నూలు ఇంకా పోగులుగా ఉన్నప్పుడే లెక్క ప్రకారం ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఏ పోగులో ఎక్కడ ఎరుపు ఉండాలో, ఎక్కడ తెలుపు ఉండాలో నేత మొదలవకముందే తేలిపోతుంది. వ్యాసుడు తన మనుషుల్ని ఇలాగే తయారుచేశాడు. వాళ్లు యుద్ధభూమికి రాకముందే, కొందరు తల్లి కడుపున పడకముందే, వాళ్ల బతుకు రంగు పుట్టుకలోకి ఎక్కించాడు. ఆ తరువాత 18 పర్వాల పొడవునా తాపీగా నేసుకుంటూ పోయాడు.

ఇంతమాత్రమే అయితే అది మంచి ప్రణాళిక అనిపించుకునేది, గొప్ప సాహిత్యం అయ్యేది కాదు. దేవుడి కొడుకని చెప్పగానే కథలో మనిషికి పని లేకుండా పోయే ప్రమాదం ఉంది. గెలిస్తే తండ్రి బలం, ఓడితే శాపం అని సరిపెట్టుకోవచ్చు. వ్యాసుడు ఆ దారిన పోలేదు. భారతంలో ప్రతి పెద్ద సంఘటనకూ ఆయన రెండు కారణాలు పెడతాడు. ఒకటి పైలోకంలో ఉంటుంది, రెండోది మనిషి మనసులో ఉంటుంది. రెండూ పూర్తి కారణాలే. పై కారణం తెలియకపోయినా కథ అర్థమవుతుంది, తెలిస్తే బరువెక్కుతుంది. ఎన్ని శాపాలు చెప్పినా, ఎన్ని వరాలు చెప్పినా, మనిషి చేసిన పని మనిషిదిగానే మిగులుతుంది. ఈ తూకం ఎక్కడా చెడకుండా ఇంత పెద్ద గ్రంథాన్ని నడపడం ఎంత కష్టమో కథ రాసేవాళ్లకు తెలుస్తుంది.

భీష్ముడితో మొదలుపెట్టి చూద్దాం. వసువులు భార్యలతో విహారానికి వచ్చి వసిష్ఠుడి ఆశ్రమంలో నందినీ ధేనువును చూస్తారు. ద్యువు అనే వసువు భార్య, భూలోకంలో ఉన్న తన స్నేహితురాలి కోసం ఆ ఆవు కావాలని అడుగుతుంది. ద్యువు అన్నదమ్ములతో కలిసి ఆవును తోలుకుపోతాడు. వసిష్ఠుడు అందరినీ మనుషులుగా పుట్టమని శపించి, తరువాత మెత్తబడి, ఏడుగురికి ఏడాదిలోపే విముక్తి ఉంటుందని చెబుతాడు. ద్యువుకు మాత్రం సడలింపు లేదు. అతను చాలాకాలం భూమి మీద ఉంటాడు, తండ్రి మేలు కోరి బతుకుతాడు, స్త్రీ సుఖం విడిచిపెడతాడు, సంతానం ఉండదు. వాళ్లను కన్న గంగ ఏడుగురు పసివాళ్లను నీళ్లలో వదిలి, ఎనిమిదోవాడి దగ్గర భర్త శంతనుడు అడ్డుపడినప్పుడు ఈ కథంతా అతనికి విప్పి చెబుతుంది.

ఇక్కడ పనితనం గమనించండి. కొడుకు బ్రహ్మచారిగా మిగిలిపోతాడని ముందే విన్నవాడు శంతనుడు. తరువాత ఆ కొడుకు చేత బ్రహ్మచర్య ప్రతిజ్ఞ చేయించే పరిస్థితి తెచ్చిపెట్టినవాడూ శంతనుడే. సత్యవతిని చూసి మనసుపడి, ఆమె తండ్రి దాశరాజు షరతు విని, ఇంటికి వచ్చి దిగులుగా కూర్చున్నది ఆయనే. కొడుకు దేవవ్రతుడు, అంటే భీష్ముడు, సంగతి ఆరా తీసి, పెద్దల్ని వెంటబెట్టుకుని దాశరాజు ఇంటికి వెళ్లి రాజ్యం వదులుకుంటాడు. నీ మాట మీద నమ్మకం ఉంది కానీ నీ కొడుకుల సంగతేమిటని దాశరాజు సందేహపడితే, పెళ్లే చేసుకోనని ప్రమాణం చేస్తాడు. ఈ ఘట్టంలో వ్యాసుడు వసిష్ఠ శాపం ఊసెత్తడు. ఎత్తితే ప్రతిజ్ఞ విలువ పోతుంది. శాపం జరిగి తీరాలి, నిజమే. కానీ దాన్ని జరిపించినది ఒక యువకుడు కళ్లు తెరిచి చేసిన నిర్ణయం. ఆ క్షణంలో ఆకాశం నుంచి పువ్వులు రాలాయంటే నమ్మబుద్ధి వేస్తుంది. ఆ పువ్వులు పడింది మనిషి తెగువ మీద.

ఈ దారం ఇక్కడితో తెగలేదు. చాలా దూరం వెళ్లాక, అశ్వమేధపర్వంలో మళ్లీ పైకి తేలుతుంది. గుర్రం వెంట మణిపురం చేరిన అర్జునుణ్ణి, కొడుకు బభ్రువాహనుడు వినయంగా ఎదుర్కోవడానికి వస్తాడు. యుద్ధానికి రాకుండా కానుకలతో వస్తావా అని అర్జునుడు కొడుకును ఈసడిస్తాడు. అర్జునుడి భార్య ఉలూపి పక్కన నిలబడి పోరుకు పురికొల్పుతుంది. కొడుకు బాణానికి తండ్రి నేలకూలుతాడు. ఇదంతా మనుషుల స్థాయిలో పూర్తిగా అర్థమయ్యే కథ. తండ్రి ఒక్క కటువైన మాట, కొడుకు దెబ్బతిన్న అభిమానం చాలు. తరువాత ఉలూపి అసలు సంగతి చెబుతుంది. శిఖండిని అడ్డుపెట్టుకుని భీష్ముణ్ణి పడగొట్టినందుకు వసువులు గంగ ఒడ్డున చేరి, గంగ అనుమతితో అర్జునుణ్ణి శపించారట. ఆ మాట విన్న ఉలూపి తండ్రి చేత వాళ్లను బతిమాలించిందట. కొడుకు చేతిలో కూలితే ఆ పాపం తీరుతుందని వసువులు దారి చూపారట. తమ్ముడి కోసం అన్నలు, కొడుకు కోసం తల్లి నిలబడ్డారు. ఎప్పుడో నీళ్లలో వదిలేసిన ఏడుగురు ఎనిమిదోవాణ్ణి మరిచిపోలేదు. కురుక్షేత్రం ముగిసి ఇన్ని పర్వాలు గడిచాక కూడా వ్యాసుడి చేతిలో ఆ పోగు భద్రంగా ఉంది.

అభిమన్యుడి విషయం ఆదిపర్వం జాబితాలోనే ఉంది, అదీ గుండె కలుక్కుమనేలా ఉంది. చంద్రుడు తన కొడుకు వర్చసుణ్ణి భూమికి పంపడానికి ఒప్పుకోడు. దేవతల పని కనుక కాదనలేడు, తండ్రి కనుక వదులుకోలేడు. చివరికి బేరం పెడతాడు. నా కొడుకు 16 ఏళ్లు మాత్రమే అక్కడ ఉంటాడు, నరనారాయణులు దగ్గర లేని ఒక యుద్ధంలో వ్యూహం చొచ్చుకుపోయి శత్రువుల్ని చెండాడి నా దగ్గరికి తిరిగి వస్తాడు, వంశం నిలిపే కొడుకును ఒక్కణ్ణి కంటాడు అంటాడు. అంటే పద్మవ్యూహం నాడు అర్జునుడూ కృష్ణుడూ సంశప్తకుల వైపు ఎందుకు మళ్లాలో ఆ పిల్లవాడు పుట్టకముందే ఖాయమైంది. ద్రోణపర్వం దగ్గరికి వచ్చేసరికి ఇది మనకు తెలుసు. అయినా, లోపలికి వెళ్లడం తెలుసు గానీ బయటికి రావడం తెలియదని ఆ కుర్రవాడు ధర్మరాజుతో చెప్పినప్పుడు, మేం వెనకే వస్తామని పెద్దలు మాట ఇచ్చినప్పుడు, ఆ మాట నిలబెట్టుకోలేనప్పుడు, చంద్రుడి షరతు గుర్తుచేసుకుని ఎవరమూ ఊరట చెందలేం. ఆ మాట ఇచ్చినవాళ్లు మనుషులు. సుభద్ర ఏడుపుకు చంద్రలోకం సమాధానం కాదు.

ఆ జాబితా వింటున్నది ఎవరో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. జనమేజయుడు పరీక్షిత్తు కొడుకు, అభిమన్యుడి మనుమడు. చంద్రుడు బేరంలో భాగంగా ఒప్పుకున్న ఆ ఒక్క కొడుకు లేకపోతే ఈ శ్రోతే లేడు. తన ఉనికికి కారణమైన షరతును రాజు తన చెవులతో వింటున్నాడు. వ్యాసుడు అక్కడ ఆగి ఎత్తిచూపడు. వినేవాడి ముఖం ఎలా మారిందో కూడా చెప్పడు. చెప్పకపోవడమూ పనితనమే.

ఇక కర్ణుడు. దేవుడి కొడుకు అనే ఊహతో వ్యాసుడు చేసిన పనంతటిలో తలమానికం ఇదే.

మొదటి అడుగు అస్త్రవిద్యా ప్రదర్శన నాడు పడింది. రంగస్థలం మధ్య అర్జునుడు, కర్ణుడు ఎదురెదురుగా నిలబడతారు. ఆకాశంలో మబ్బులు కమ్ముతాయి, మెరుపులు, ఇంద్రధనుస్సు, కొంగల బారు కనిపిస్తాయి. కొడుకును చూడడానికి ఇంద్రుడు వచ్చాడు. అది చూసి సూర్యుడు తన వైపు మబ్బుల్ని చెదరగొడతాడు. ఫలితంగా అర్జునుడు మబ్బు నీడలో ఉన్నాడు, కర్ణుడు ఎండలో ఉన్నాడు. అంతే, ఇంకొక్క మాట లేదు. కర్ణుడి పుట్టుక ఆ సభలో తెలిసింది కుంతికి మాత్రమే. ఆమె మూర్ఛపోతుంది, విదురుడు చందనపు నీళ్లు చల్లి తేరుస్తాడు. నీ తల్లిదండ్రులెవరని కృపుడు అడిగితే కర్ణుడు తలవంచుకుంటాడు. పైన ఎండ జవాబు చెబుతూనే ఉంది, కుంతి తప్ప చదవగలిగినవాళ్లు కింద లేరు. ఒక వాతావరణ వర్ణనతో ఇద్దరు తండ్రుల్ని, ఇద్దరు కొడుకుల్ని, రాబోయే వైరాన్ని ఒక్కసారిగా చూపించిన ఈ ఘట్టం ముందు నేను ప్రతిసారీ ఆగిపోతాను.

రెండో అడుగు కవచకుండలాల దగ్గర పడింది. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడుగుతాడని సూర్యుడు కలలో కనిపించి హెచ్చరిస్తాడు, ఇవ్వవద్దంటాడు. కర్ణుడు తండ్రి మాట వినడు. ప్రాణం కంటే కీర్తి మేలంటాడు. సరే, ఇచ్చేట్టయితే బదులుగా శక్తి ఆయుధం అడగమని సూర్యుడు సలహా ఇస్తాడు. ఒక దేవుడు కొడుకు కోసం యాచకుడయ్యాడు, ఇంకో దేవుడు కొడుకు కోసం కల అయ్యాడు. ఇద్దరి మధ్య తీర్పు మాత్రం ఆ మనిషిదే. కర్ణుడు ఒంటి మీది కవచాన్ని తానే కోసి ఇస్తాడు. తెలుగువాళ్లం దానానికి కర్ణుడి పేరే చెప్పుకుంటాం. 1977లో ఎన్టీఆర్ తీసిన సినిమాకు ‘దానవీరశూర కర్ణ’ అన్న పేరు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. అయితే ఇవ్వడం ఎంత గొప్పదో, కన్నతండ్రి వద్దన్నా ఇవ్వడం అంతకంటే గొప్పది. ఆ సంగతిని మనం తక్కువగా తలుచుకుంటాం.

మూడోది ఉద్యోగపర్వంలో గంగ ఒడ్డున. కర్ణుడు తూర్పు ముఖంగా చేతులెత్తి జపం చేస్తున్నాడు. కుంతి వెనక నిలబడి, ఎండ తట్టుకోలేక అతని ఉత్తరీయం నీడలో ఎదురుచూస్తుంది. వీపు ఎండకు కాలేదాకా జపం చేసి అతను వెనక్కి తిరుగుతాడు. ఆ చిన్న వివరంలో ఎంత ఉందో చూడండి. పైన మండేది బిడ్డ తండ్రి. ఆ ఎండ నుంచి తల్లిని కాపాడుతున్నది, పుట్టగానే ఆమె నదిలో వదిలేసిన బిడ్డ భుజం మీది గుడ్డ. ఆమె నిజం చెబుతుంది. సూర్యమండలం నుంచి తండ్రి గొంతు కూడా వినిపిస్తుంది, తల్లి మాట విను అంటుంది. తల్లీ తండ్రీ కలిసి ఒకే మాట చెప్పిన క్షణం కర్ణుడి జీవితంలో అదొక్కటే. అతను కాదంటాడు. పెంచినవాళ్లనూ, నమ్మినవాణ్ణీ వదలనంటాడు. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగుర్నీ చంపనని మాట ఇచ్చి, నీకు కొడుకులు అయిదుగురే మిగులుతారని పంపిస్తాడు.

ఇంద్రుడు ఇచ్చిన శక్తి ఒక్కరినే చంపి తిరిగి ఇంద్రుడి దగ్గరికి వెళ్లిపోతుంది. కర్ణుడు దాన్ని అర్జునుడి కోసం దాచుకుంటాడు. యుద్ధం 14వ రోజు రాత్రి భీముడి కొడుకు ఘటోత్కచుడు కౌరవసేనను తుడిచిపెడుతుంటే, సేనంతా అరిచి మొరపెట్టుకుంటే, విధిలేక అతని మీద వేస్తాడు. ఈ పోగుకు వ్యాసుడు రంగు ఎక్కడ వేశాడో వెనక్కి వెళ్లి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆదిపర్వంలో హిడింబకు ఘటోత్కచుడు పుట్టినచోటే, కర్ణుడి శక్తి కోసం ఇంద్రుడు ఇతన్ని సృష్టించాడని ఒక్క వాక్యం ఉంటుంది. అప్పటికి కర్ణుడి దగ్గర శక్తీ లేదు, కవచమూ పోలేదు. పాఠకుడు ఆ వాక్యాన్ని పట్టించుకోకుండానే దాటిపోతాడు. ద్రోణపర్వం దాకా అది అక్కడ పడి ఉంటుంది.

ఘటోత్కచుడు చచ్చిపోగానే కృష్ణుడు సంతోషంతో సింహనాదం చేసి అర్జునుణ్ణి కౌగిలించుకుంటాడు. పైలోకపు లెక్క ప్రకారం పని పూర్తయింది. కానీ ధర్మరాజు ఏడుస్తాడు. అడవిలో ద్రౌపది నడవలేక అలసిపోతే వీపున మోసిన పిల్లవాడు వీడు అని తలుచుకుని ఏడుస్తాడు. ఒకే చావుకు కృష్ణుడి సింహనాదాన్నీ, పెదనాన్న శోకాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకటి సరైనదనీ రెండోది తప్పనీ వ్యాసుడు చెప్పడు. ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు ఠీవితో ఘటోత్కచుణ్ణి మనింటి పిల్లవాడిగా చేసుకున్న తెలుగు ప్రేక్షకులకు ధర్మరాజు కన్నీరే దగ్గరగా ఉంటుంది.

కర్ణపర్వం చివర ఆకాశం రెండుగా చీలుతుంది. దేవగణాలు పక్షాలు కడతాయి. నా కొడుకు గెలవాలని సూర్యుడు, నా కొడుకు గెలవాలని ఇంద్రుడు వాదులాడుకుంటారు. నింగి కర్ణుడి వైపు, నేల అర్జునుడి వైపు నిలిచాయంటాడు వ్యాసుడు. ఆ నేలే కర్ణుడి రథచక్రాన్ని పట్టేసింది. కర్ణుడు కూలాక అతని దేహం నుంచి ఒక తేజస్సు లేచి ఆకాశంలోకి వెళ్తుంది. తొలినాటి ప్రదర్శనలో మబ్బులు పక్కకు తోసి కొడుకు మీద పడిన వెలుగే ఇప్పుడు తిరిగి వెళ్తున్నదని మనం పోల్చుకోవాలి. ఆయన చెప్పడు.

ఈ ఇద్దరు తండ్రుల పోటీ భారతంతో మొదలైంది కూడా కాదు. రామాయణం బాలకాండలో బ్రహ్మ చెప్పగా దేవతలు వానరుల్ని కంటారు. ఇంద్రుడికి వాలి, సూర్యుడికి సుగ్రీవుడు, విశ్వకర్మకు నలుడు, అగ్నికి నీలుడు, వాయువుకు హనుమంతుడు పుట్టారు. సేతువు కట్టే పని నలుడి చేతికి ఎందుకు వెళ్లిందో ఆ పుట్టుకే చెబుతుంది. అక్కడ విష్ణువు అవతారం సూర్యపుత్రుడి పక్షాన నిలిచి ఇంద్రపుత్రుణ్ణి చంపింది. భారతంలో ఇంద్రపుత్రుడి రథం తోలి సూర్యపుత్రుణ్ణి పడగొట్టించింది. రెండుచోట్లా చంపిన తీరు మీద ప్రశ్న లేచింది. చెట్టుచాటు బాణం గురించి వాలి అడిగాడు, దిగిపోయిన చక్రం గురించి కర్ణుడు అడిగాడు. రెండు ఇతిహాసాలను పక్కపక్కన పెట్టి చదివే మన అలవాటు వల్ల ఈ ఎదురుబొదురు అమరిక మరింత తేటగా కనిపిస్తుంది. వాయువు కొడుకుల విషయంలో మాత్రం వైరం లేదు. సౌగంధిక పుష్పం కోసం వెళ్తున్న భీముడికి దారిలో ముసలి కోతి తోక అడ్డం పడుతుంది. దాన్ని కదపలేక చేతులు జోడిస్తాడు. ఒక యుగం అన్న, ఇంకో యుగం తమ్ముడు ఒక కొండదారిలో కలుసుకున్న ఆ ఘట్టం భారతంలోని అతి ప్రేమాస్పదమైన చోట్లలో ఒకటి.

ద్రౌపది పెళ్లి దగ్గర వ్యాసుడు మూడు కారణాలు పెట్టాడు. తెచ్చినది అందరూ పంచుకోండని కుంతి లోపలినుంచి అన్న మాట ఒకటి. వెనకటి జన్మలో భర్త కావాలని శివుణ్ణి అయిదుసార్లు అడిగిన అమ్మాయి కథ రెండోది. మూడోది అయిదుగురు ఇంద్రుల కథ. గంగలో కొట్టుకువస్తున్న బంగారు తామరల వెంట వెళ్లిన ఇంద్రుడు, ఏడుస్తున్న ఒక స్త్రీ కన్నీటి బొట్లే తామరలవుతున్నాయని తెలుసుకుంటాడు. ఆమె వెంట వెళ్తే కొండ మీద పాచికలాడుతున్న శివుడు కనిపిస్తాడు. గర్వంతో మాట్లాడినందుకు, గుహలో బందీలుగా ఉన్న వెనకటి ఇంద్రుల సరసన చేరతాడు. ఆ అయిదుగురే పాండవులు, ఆ స్త్రీ ద్రౌపది. ఈ కథ ద్రుపదుడికి చెప్పేది స్వయంగా వ్యాసుడే, తన పాత్రల పెళ్లికి అడ్డం వస్తున్న తండ్రిని ఒప్పించడానికి రచయితే కథలోకి నడిచి వచ్చాడు. శివుడి చేతిలో పాచికలు పెట్టడం కూడా ఊరికే కాదు, సభాపర్వం ఇంకా ముందుంది.

తెలుగులో ఈ లెక్క ముగ్గురు కవుల చేతులు మారింది. ఆదిపర్వం 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో నన్నయ చేతి మీదుగా వచ్చింది. అరణ్యపర్వ శేషంలో ఉన్న కుండలాల కథ 14వ శతాబ్దంలో ఎర్రన పూర్తిచేశాడు. విరాటపర్వం నుంచి చివరిదాకా 13వ శతాబ్దంలో తిక్కన రాశాడు. అంటే కర్ణుడి మీద ఎండ పడినచోటు ఒకరిది, కవచం కోసి ఇచ్చినచోటు ఒకరిది, గంగ ఒడ్డున కుంతిని కాదన్నచోటు మరొకరిది. మూడు శతాబ్దాల మీద పరుచుకున్నా కర్ణుడు ఒక్కడుగానే మిగిలాడంటే మూలంలో కట్టిన ముడులు అంత గట్టివి.

స్వర్గారోహణపర్వంలో జనమేజయుడు మళ్లీ అడుగుతాడు, వీళ్లంతా స్వర్గంలో ఎంతకాలం ఉన్నారు, తరువాత ఏమయ్యారని. భీష్ముడు వసువుల్లో కలిశాడు, ద్రోణుడు బృహస్పతిలో, అభిమన్యుడు చంద్రుడిలో, కర్ణుడు సూర్యుడిలో, ధృష్టద్యుమ్నుడు అగ్నిలో, శకుని ద్వాపరంలో, కృతవర్మ మరుత్తుల్లో కలిశారు. బలరాముడు అనంతుడయ్యాడు, కృష్ణుడు నారాయణుడిలో లీనమయ్యాడు. ఇచ్చినవాళ్ల దగ్గరికి ఇచ్చినది చేరింది. ఇందులో ఒకచోట రెండు పేర్లు ఒకే దేవుడి దగ్గరికి వెళ్తాయి. విదురుడు, యుధిష్ఠిరుడు ఇద్దరూ ధర్ముడిలో కలిశారు.

దీని మొదలు మాండవ్యుడి కథలో ఉంది. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలతో కలిపి కట్టి కొరత వేస్తారు. తరువాత ఆయన ధర్ముడి దగ్గరికి వెళ్లి, ఏ తప్పుకు ఈ శిక్ష అని నిలదీస్తాడు. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపోచలు గుచ్చావని జవాబు వస్తుంది. పసితనపు పనికి ఇంత శిక్షా అని ముని మండిపడి, 14 ఏళ్ల వయసు దాకా చేసినది పాపం కిందికి రాకూడదని కొత్త హద్దు పెట్టి, ధర్ముణ్ణే శూద్రస్త్రీ కడుపున పుట్టమని శపిస్తాడు. అలా పుట్టినవాడు విదురుడు. ఆ తరువాత కుంతి మంత్రానికి వచ్చి యుధిష్ఠిరుణ్ణి ఇచ్చినదీ ధర్ముడే.

ఈ సంగతి మనసులో పెట్టుకుని జూదం జరిగిన సభను చూడండి. ఆ సభలో ధర్ముడు రెండు దేహాల్లో కూర్చుని ఉన్నాడు. ఒకడికి మాట్లాడే అధికారం ఉండేది, తనను తాను ఓడిపోయి నోరు మూసుకున్నాడు. రెండోవాడు మాట్లాడుతూనే ఉన్నాడు, ద్రౌపది ప్రశ్నకు జవాబు చెప్పమని పెద్దలను ప్రాధేయపడుతున్నాడు, దాసీపుత్రుడు కనుక ఆ మాటకు బలం లేదు. వ్యాసుడు ఆ ఘట్టంలో ఈ పుట్టుకల ప్రస్తావన తేడు. తెచ్చి ఉంటే సభలో ఉన్నవాళ్లందరి నేరం తేలికయ్యేది.

రెండు అంశలు కలిసే చోటు ఆశ్రమవాసపర్వంలో ఉంది. ధృతరాష్ట్రుణ్ణి చూడడానికి పాండవులు అడవికి వెళ్తారు. విదురుడెక్కడని ధర్మరాజు అడుగుతుండగానే దూరాన కనిపిస్తాడు. జడలు కట్టిన జుట్టు, ఒంటి మీద గుడ్డ లేదు, దుమ్ముకొట్టుకుపోయి ఎముకలు తేలి ఉన్నాడు. ధర్మరాజు వెంట పరుగెడతాడు. విదురుడు అడవి లోపలికి వెళ్లి ఒక చెట్టుకు ఆనుకుని నిలబడతాడు. నేను యుధిష్ఠిరుణ్ణి అని ఇతను చెప్పుకుంటాడు. అతను రెప్పవేయకుండా చూస్తాడు. చూపులో చూపు కలిపి, ప్రాణంలో ప్రాణం కలిపి ఇతని దేహంలోకి వచ్చేస్తాడు. చెట్టుకు ఆనుకున్న శరీరం అలాగే నిలిచి ఉంటుంది. ధర్మరాజుకు తన బలం పెరిగినట్టు అనిపిస్తుంది. దహనం చేయవద్దని అశరీరవాణి చెబుతుంది. ధర్ముడే విదురుడని, విదురుడే ఈ పాండవుడని వ్యాసుడు ధృతరాష్ట్రుడికి విప్పి చెప్పేది ఆ తరువాతే. మొదట జరిగినది చూపించి, తరువాత కారణం చెప్పాడు. క్రమం తిరగబడితే ఆ చూపుకు ఉన్న శక్తి సగం పోయేది.

ఇక ధర్ముడు కొడుక్కి పెట్టిన పరీక్షలు మూడు. అరణిని లేడి ఎత్తుకుపోయిన రోజు చెరువు దగ్గర యక్షుడిగా, మహాప్రస్థానంలో కుక్కగా, చివరికి నరకంలో. యక్షుడు ఒక్క తమ్ముణ్ణే బతికిస్తానంటే భీమార్జునుల్ని వదిలి నకులుణ్ణి అడిగాడు, మాద్రికీ ఒక కొడుకు మిగలాలని. కుక్కను వదిలితే స్వర్గం ఇస్తామంటే స్వర్గాన్నే వదిలాడు. ఈ రెండూ అందరికీ తెలిసినవే.

మూడోది అన్నిటికంటే కఠినం. స్వర్గంలో దుర్యోధనుడు సింహాసనం మీద కనిపిస్తాడు, తనవాళ్లు కనిపించరు. దేవదూత ఒక దుర్గంధపు దారిన తీసుకువెళ్తాడు. భరించలేక వెనుదిరగబోతే చీకట్లోంచి గొంతులు ఆపుతాయి. నీ మీదుగా వచ్చే గాలి మాకు హాయిగా ఉంది, కాసేపు ఉండమంటాయి. మీరెవరని అడిగితే పేర్లు చెబుతాయి. అప్పుడు యుధిష్ఠిరుడు దేవతలను నిందిస్తాడు, ధర్ముణ్ణీ నిందిస్తాడు. దూతను వెళ్లిపొమ్మని చెప్పి తాను అక్కడే ఉండిపోతాడు. మాండవ్యుడి తరువాత ధర్ముణ్ణి ఎదిరించి నిలదీసినవాడు ఆయన కన్నకొడుకే. తండ్రి వచ్చి కొడుకును మెచ్చుకున్నది ఈ నింద విన్నాకే. ఆ చీకట్లో అన్నిటికంటే ముందు వినిపించిన పేరు కర్ణుడిది, భీముడు, అర్జునుడు ఆ తరువాతే. భారతాన్ని యుద్ధం దగ్గర ఆపేయకుండా, నిడివిలో చాలా చిన్నదైన ఈ ఆఖరి పర్వం దాకా చదవమని మన పిల్లలకు చెప్పాలి. తిక్కన తెలుగు చేతిలో ఉంది కదా.